ర్యాంకు వచ్చేసింది, ఇక లిస్టు మీ చేత్తోనే రాసుకోండి: నెల్లూరు, ప్రకాశం పిల్లలకు ఈఏపీసెట్ కౌన్సెలింగ్ సంగతులు

ఈఏపీసెట్ అంటే ఇంజనీరింగ్ సీట్ల ప్రవేశ పరీక్ష, ఆ ర్యాంకుతో కాలేజీ, బ్రాంచి ఎంచుకోవడమే కౌన్సెలింగ్. నా కౌన్సెలింగ్ సింగరాయకొండలో ఒక నెట్ సెంటర్‌లో ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నెట్ సెంటర్ అన్న నా ర్యాంకు కార్డు ఒకసారి చూసి, "నీ ర్యాంకుకి ఏది వస్తదో అది ముందు పెట్టాలి తమ్ముడూ, పెద్ద కాలేజీలు పైన పెట్టావనుకో, కంప్యూటర్ నిన్ను పక్కన పెట్టేస్తది, వచ్చేది కూడా పోద్ది" అన్నాడు. నాన్న తలూపాడు, నేనూ తలూపాను. మొత్తం పద్నాలుగు ఆప్షన్లు, ఒక్కో ఆప్షన్ అంటే ఒక కాలేజీలో ఒక బ్రాంచి. మొదటిదే వచ్చింది. ఇంట్లో స్వీట్లు కూడా పంచారు. వారం తర్వాత తెలిసింది, నాకంటే వెనక ర్యాంకు వచ్చిన మా క్లాస్‌మేట్‌కి, నా లిస్టులో ఆరో నంబరులో ఉన్న కాలేజీలో, నేను కోరుకున్న బ్రాంచే వచ్చిందని. వాడిదీ నాదీ ఒకే రిజర్వేషన్ కేటగిరీ, ఒకే లోకల్ ఏరియా. అంటే ఆరో నంబరుది పైన పెట్టుకుని ఉంటే ఆ సీటు నాకు వచ్చేదే. నెట్ సెంటర్ అన్నను తప్పుపట్టను, ఆయనకు తెలిసింది ఆయన చెప్పాడు, లిస్టు మాత్రం నాది కదా.

అందుకే ఇది రాస్తున్నా. ఎంపీసీ వాళ్ళను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నా, బైపీసీ వాళ్ళకు సర్టిఫికెట్లు, లోకల్ ఏరియా వరకు పనికొస్తుంది.

ముందు ఈ ఒక్క సంగతి బుర్రలోకి ఎక్కాలి. సీట్లు ర్యాంకు వరసలో ఇస్తారు. మీ వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ లిస్టు తీసి పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. మొదటి ఆప్షన్‌లో మీకు వర్తించే సీటు ఖాళీ ఉందా? లేదు. రెండోది? లేదు. మూడోది? ఉంది. ఇచ్చేసింది, అక్కడితో ఆగిపోయింది, నాలుగోదేంటో చూడనుకూడా చూడదు. మీ వెనక ర్యాంకు వాడు ఒక కాలేజీని ఒకటో నంబరులో పెట్టినా, మీరు దాన్నే ముప్పయ్యో నంబరులో పెట్టినా, మీ వంతు అయ్యాకే వాడి వంతు. ఇది బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం లాంటిది కాదు. పైన ఇరవై రాని కాలేజీలు పెట్టినా జరిమానా ఏమీ లేదు, ఇరవై ఒకటోది రావాల్సి ఉంటే అదే వస్తుంది. కాబట్టి వరస మీ ఇష్టాన్ని బట్టి ఉండాలి, భయాన్ని బట్టి కాదు. నేను చేసింది సరిగ్గా రెండోది.

ఇంకా పరీక్ష రాయనివాళ్ళు ఇది చదువుతుంటే రెండు ముక్కలు. పేపరు 160 ప్రశ్నలు, 160 మార్కులు, మూడు గంటలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కుల్లేవు, కాబట్టి చివరి పది నిమిషాలు ఖాళీలు నింపడానికే ఉంచుకోండి, ఒక్కటి కూడా వదలొద్దు. ర్యాంకులో ఈఏపీసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. "ఇంటర్ మార్కులదేముందిలే" అని హాస్టల్ రూములో సీనియర్లు చెప్పే మాట కోవిడ్ టైములో వెయిటేజీ తీసేసినప్పటిది, ఇప్పుడది పాతబడింది.

ఇక మన రెండు జిల్లాలవాళ్ళను ఎక్కువగా ముంచే విషయం, లోకల్ ఏరియా.

సీట్ల భర్తీకి రాష్ట్రం రెండు ముక్కలు. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, దాన్ని ఏయూ అంటారు. నెల్లూరు, చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు కలిపి శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా, ఎస్వీయూ. ఇవన్నీ పాత జిల్లాల పేర్లు, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చిన 1974 నాటి లెక్క. ఒక ఏరియాలో ఉన్న కాలేజీలో 85 శాతం సీట్లు ఆ ఏరియా లోకల్ వాళ్ళకు, మిగతా 15 శాతం అన్‌రిజర్వ్‌డ్, అంటే లోకల్ వాళ్ళూ బయటివాళ్ళూ అందరూ దానికి పోటీపడొచ్చు. ఇప్పుడు మన మ్యాపు చూడండి. గీత సరిగ్గా మన మధ్యలోంచి పోతుంది. ఒంగోలు ఒకవైపు, కావలి ఇంకోవైపు. గంటన్నర ప్రయాణం కూడా లేదు, కానీ కావలి పిల్లకు ఒంగోలు కాలేజీలో నాన్‌లోకల్, విజయవాడ, గుంటూరు కాలేజీల్లో నాన్‌లోకల్. అనంతపురం జేఎన్‌టీయూలో మాత్రం లోకల్. ఒంగోలు పిల్లాడికి నెల్లూరులో నాన్‌లోకల్, ఎక్కడో ఉన్న కాకినాడ జేఎన్‌టీయూలో, వైజాగ్ ఏయూలో లోకల్.

లోకల్ అంటే ఇల్లు ఎక్కడుంది అని కాదు, ఎక్కడ చదివారు అని. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరస నాలుగేళ్ళు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు ఒకే ఏరియాలో చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ళు తీసుకుని, ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివారో చూస్తారు. మా వైపు పిల్లలు పదో తరగతి అయ్యాక ట్రంకు పెట్టె పట్టుకుని నెల్లూరు రైలెక్కడం మామూలే. పడుగుపాడు దాటి పెన్న వంతెన మీదకి రైలు రాగానే ఏడుపొచ్చేది నాకు, అది వేరే సంగతి. అలాంటి వాళ్ళకు ఆరు నుంచి పది దాకా ఐదేళ్ళు ప్రకాశంలో, రెండేళ్ళు నెల్లూరులో, కాబట్టి ఏయూ లోకల్. అదే మా వీధిలో ఇంకొకళ్ళు చిన్నవాణ్ణి ఎనిమిదో తరగతిలోనే నెల్లూరు రెసిడెన్షియల్‌లో వేశారు. వాడి చివరి నాలుగేళ్ళూ నెల్లూరులోనే, కాబట్టి వాడు ఎస్వీయూ. ఒకే ఇంట్లో అన్న ఏయూ, తమ్ముడు ఎస్వీయూ. ఇంటి ముందు ఒంగోలు కాలేజీ బస్సు ఆగుతుంది, ఆ కాలేజీలో వీడు నాన్‌లోకల్. వాళ్ళ నాన్నకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు, "మాది తాతల కాలం నుంచి ఇదే ఊరయ్యా" అనేవాడు పాపం.

ఇది ఎందుకింత సాగదీశానంటే, కిందటేడు లాస్ట్ ర్యాంకులు, అంటే ఒక్కో సీటు చివరికి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో (కటాఫ్ అనేదీ అదే) చూసి "అన్నకు వచ్చిందిగా, తమ్ముడికీ వస్తుంది" అనుకుంటారు. రాకపోవచ్చు. నాన్‌లోకల్‌కు ఉండేది ఆ 15 శాతమే కాబట్టి, డిమాండున్న బ్రాంచిలో కటాఫ్ చాలా ముందే తెగిపోతుంది. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అయ్యాక మీ వివరాల్లో లోకల్ ఏరియా ఏమని పడిందో కళ్ళారా చూసుకోండి. తప్పు పడితే ఆప్షన్లు పెట్టకముందే హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్ళి సరిచేయించుకోండి, ఒంగోలులో అయితే డీఏ గవర్నమెంట్ పాలిటెక్నిక్, నెల్లూరు వాళ్ళకు నెల్లూరులోనే ప్రభుత్వ పాలిటెక్నిక్. రూల్సు ఏటా నోటిఫికేషన్‌లో ఇస్తారు, ఆ రెండు పేజీలు బద్ధకించకుండా చదవండి.

సర్టిఫికెట్ల పని మేలోనే మొదలుపెట్టండి. పరీక్ష సాధారణంగా మేలో, ర్యాంకు జూన్‌లో, కౌన్సెలింగ్ జూలైలో. జూన్‌లో అందరూ ఒకేసారి సచివాలయం మీద పడతారు, సర్వర్ డౌన్ అంటారు, ఎమ్మార్వో మీటింగ్‌లో ఉన్నారంటారు. కావాల్సినవి ఇవి: ర్యాంకు కార్డు, హాల్‌టికెట్, పది, ఇంటర్ మార్కుల మెమోలు, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ లేదా రైస్ కార్డు. ఇందులో అందరినీ ఏడిపించేది స్టడీ సర్టిఫికెట్. మూడు స్కూళ్ళు మారినవాళ్ళు మూడు చోట్ల తిరగాలి, అందులో ఒకటి మూతపడి ఉంటుంది. మూతపడితే మండల విద్యాధికారి ఆఫీసులో రికార్డుల సంగతి అడగండి, అది వారం పది రోజులు పట్టే పని. ఓసీ వాళ్ళలో ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ళ) సర్టిఫికెట్ తీసుకోండి, 10 శాతం సీట్లు దానికి ఉన్నాయి. కిందటేడు అన్నకు తీసింది, పోయినేడు నీకే తీసింది పనికిరాదు, ఆర్థిక సంవత్సరం మారితే కొత్తది కావాలి. ఏప్రిల్ 1 దాటాక తీయించండి.

పేర్లు కూడా ఒకసారి సరిచూసుకోండి. పదో తరగతి మెమోలో వెంకట సాయి కుమార్, ఆధార్‌లో సాయికుమార్, కుల ధ్రువీకరణలో ఇంటిపేరు ఇంకో స్పెల్లింగు. ప్రాసెసింగ్ ఫీజు కట్టాక, ఓసీ, బీసీలకు 1200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600, మీ వివరాలు చాలావరకు ఆన్‌లైన్‌లోనే సరిపోల్చుకుంటుంది. అన్నీ కలిస్తే గొడవ లేదు. కలవకపోతే అప్‌లోడ్ చేయమంటుంది, ఆ తర్వాత తిరుగుళ్ళే.

ఇప్పుడు లిస్టు. పోయినసారి కావలిలో మా పిన్ని కూతురికి పక్కన కూర్చుని రాయించాను, అది ఎలా చేశామో చెబితే తేలిగ్గా ఉంటుంది.

తనది నలభై వేల చిల్లర ర్యాంకు, బీసీ-డి, ఎస్వీయూ లోకల్. ముందు కిందటేడు లాస్ట్ ర్యాంకుల పీడీఎఫ్ దింపాం. ఉన్నత విద్యామండలి వాళ్ళ కౌన్సెలింగ్ సైట్‌లో దొరుకుతుంది. ఫోన్‌లో చూస్తే కళ్ళు పోతాయి, ప్రింట్ తీసుకోండి, లేదా ఎవరిదైనా ల్యాప్‌టాప్ అడగండి. అందులో కాలేజీ కోడు, ఏ రీజియన్‌దో (ఏయూనా, ఎస్వీయూనా), బ్రాంచి, తర్వాత కేటగిరీ వారీగా అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి కాలమ్స్ ఉంటాయి. తను చూడాల్సింది బీసీ-డి గర్ల్స్ కాలమ్ ఒక్కటే. మొదట తను ఓసీ బాయ్స్ కాలమ్ చూసి ఏడుపు మొహం పెట్టింది, చాలామంది అదే చేస్తారు, మొదటి కాలమ్ అదే కాబట్టి. అమ్మాయిలకు మూడోవంతు సీట్లు రిజర్వేషన్ కాబట్టి వాళ్ళ కటాఫ్ చాలాచోట్ల ఇంకా వెనక్కి ఉంటుంది.

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకున్నాం. కిందటేడు లాస్ట్ ర్యాంకు ఇరవై వేల నుంచి ఎనభై వేల మధ్య తెగిన ప్రతి కాలేజీ, బ్రాంచీ రాసేశాం, ఇష్టం ఉన్నా లేకపోయినా. అంటే తన ర్యాంకులో సగం నుంచి రెట్టింపు దాకా. ఈ రెట్టింపు దేనికంటే కటాఫ్‌లు ఏటా కదులుతాయి, ఒక ఏడు అందరూ కంప్యూటర్స్ అంటారు, ఇంకో ఏడు ఎవరో ఎలక్ట్రానిక్స్‌కి భవిష్యత్తు అంటారు, ఒక కాలేజీకి సీట్లు పెరుగుతాయి, ఇంకోదానికి తగ్గుతాయి. నూటపదికి పైగా వచ్చాయి. తర్వాత చచ్చినా చేరను అనుకున్నవి కొట్టేయమన్నాను. ఇది ముఖ్యం. లిస్టులో ఉంటే వస్తుంది, వస్తే చేరాలి. "ఊరికే ఉండనీలే" అని ఏదీ ఉంచొద్దు. తను ముప్పై కొట్టేసింది, అందులో సగం సివిల్, మెకానికల్. మా బాబాయికి అది నచ్చలేదు, ఆయన కృష్ణపట్నం పోర్టు వైపు మెకానికల్ వాళ్ళను చూస్తూ ఉంటాడు, "ఆ బ్రాంచిలో ఏముందని కొట్టేస్తున్నావే" అని కాసేపు గొణిగాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు, కానీ చదవాల్సింది తను.

మిగిలినవాటిని వరసలో పెట్టడం అసలు పని. ఇక్కడ మేం రెండు రెండుగా పోల్చాం. "ఈ రెండూ వస్తాయి, ఏది తీసుకుంటావు?" అంతే ప్రశ్న. మంచి పేరున్న కాలేజీలో ఈసీఈనా, మామూలు కాలేజీలో సీఎస్‌ఈనా? తను మొదటిది అంది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కాలేజీనా, ఇంటి దగ్గర ప్రైవేటు కాలేజీనా? అక్కడ పది నిమిషాలు ఆగింది, పిన్ని వంటింట్లోంచి తొంగిచూసింది, చివరికి తిరుపతి పైకి వెళ్ళింది. నా అభిప్రాయం అడిగితే, యూనివర్సిటీ కాలేజీలు, స్వయంప్రతిపత్తి ఉన్న పాత కాలేజీలు ముందు, బ్రాంచి తర్వాత. సీఎస్‌ఈలో ఏఐ, డేటా సైన్స్ అని సీఎస్‌ఎం, సీఎస్‌డీ, సీఏఐ, ఏఐడీ లాంటి కోడ్‌లు చాలా ఉన్నాయి, పేర్లు వేరైనా మొదటి రెండేళ్ళ పాఠాల్లో తేడా తక్కువే, సీఎస్‌ఈ అందకపోతే అదే కాలేజీలో వీటిని వెంటనే కింద పెట్టుకోండి. ఆ కొత్త బ్రాంచి చెప్పడానికి లెక్చరర్లు ఉన్నారా లేరా అనేది మాత్రం అక్కడ చదివేవాళ్ళనే అడగాలి.

అడగడం అంటే గుర్తొచ్చింది. కాలేజీ చూడ్డానికి వెళ్తే ఆఫీసులో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి బ్రోషర్ ఇస్తారు. అది సరే. బయటికొచ్చాక గేటు ఎదురుగా టీ కొట్టు ఉంటుంది, అక్కడ ఫైనలియర్ పిల్లలుంటారు, వాళ్ళను అడగండి. క్యాంపస్‌కి ఏ కంపెనీలొచ్చాయి, మీ సెక్షన్‌లో అరవై మందిలో ఎంతమందికి వచ్చింది, జీతం ఎంత, ల్యాబులో కంప్యూటర్లు పనిచేస్తాయా, అటెండెన్స్ తగ్గితే ఏం చేస్తారు. హైవే మీద టంగుటూరు టోల్‌గేట్ నుంచి నెల్లూరు దాకా ఫ్లెక్సీల మీద ఒకే ఒక్క పిల్లాడి ఫొటో, దాని కింద లక్షల ప్యాకేజీ ఉంటుంది. మీరు తెలుసుకోవాల్సింది ఆ ఫొటోలో లేని మిగతా యాభై తొమ్మిది మంది సంగతి.

బస్సు ఫీజు, హాస్టల్ ఫీజు కూడా లెక్కలో వేసుకోండి, రీయింబర్స్‌మెంట్ వచ్చేది ట్యూషన్ ఫీజుకే. అదీ కన్వీనర్ కోటా సీటుకే, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చినదానికే, ఆదాయ పరిమితి లోపల ఉంటేనే. కాలేజీ సొంతంగా నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకు రాదు, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు ఇచ్చే స్పాట్ అడ్మిషన్‌కి రాదు. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం అని కాలేజీలు అడగడం కొత్త కాదు. కాబట్టి ఇంట్లో ఒక సెమిస్టర్ ఫీజు సర్దుబాటు గురించి ముందే మాట్లాడుకుంటే తర్వాత అప్పు కోసం పరుగెత్తక్కర్లేదు. పొగాకు వేలం అయ్యాక డబ్బులొచ్చే ఇళ్ళకు ఈ టైమింగు ఎంత ఇబ్బందో మా ఇంట్లో చూశాను.

నోట్‌బుక్‌లో వరస ఖాయమయ్యాకే కంప్యూటర్ ముందు కూర్చోండి. ఒకళ్ళు చదవాలి, ఒకళ్ళు కొట్టాలి. కోడ్‌లలో ఒక్క అక్షరం తేడాతో వేరే ఊరి కాలేజీ పడుతుంది, ఒకే పేరుతో నెల్లూరులో ఒకటి, గూడూరులో ఒకటి ఉన్న కాలేజీలున్నాయి. మధ్యమధ్య సేవ్ కొట్టండి. అయ్యాక ప్రింట్ తీసి నోట్‌బుక్‌తో ఒక్కో లైను పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ సరిచూసుకోండి. మా వాళ్ళది సరిచూస్తే నలభై రెండు, నలభై మూడు తారుమారయ్యాయి. గడువు చివరి రాత్రి దాకా ఆగొద్దు, సైట్ నత్తనడక నడుస్తుంది. ఆప్షన్లు మార్చుకోవడానికి సాధారణంగా ఒక రోజు ఇస్తారు, ఆ రోజు కేవలం తప్పులు దిద్దుకోవడానికి వాడండి. ఆ రోజే పెళ్ళికొచ్చిన మామయ్య ఏదో అన్నాడని లిస్టంతా తలకిందులు చేసినవాళ్ళను చూశాను.

సీటు వచ్చాక రెండు పనులు, రెండూ చేయాలి. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, తర్వాత కాలేజీకి వెళ్ళి రిపోర్ట్ చేయడం. ఒకటి చేసి ఇంకోటి మర్చిపోతే సీటు రద్దవుతుంది. గడువు నాలుగైదు రోజులే ఉంటుంది, ఆ రోజుల్లో తిరుమల ప్రయాణం పెట్టుకోకండి.

రెండో విడత కౌన్సెలింగ్‌లో చాలామంది కాళ్ళు విరగ్గొట్టుకుంటారు. మొదటి విడతలో వచ్చిన సీటు చేతిలో ఉంచుకునే రెండోదానికి వెళ్ళొచ్చు. కానీ రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది, అప్పటికే దాన్ని ఇంకొకరికి ఇచ్చేసి ఉంటారు, కాళ్ళావేళ్ళా పడినా తిరిగి రాదు. కాబట్టి రెండో విడత లిస్టులో, ఇప్పుడున్న సీటు కంటే కచ్చితంగా మేలు అనుకున్నవే పెట్టాలి, అవి మూడే ఉంటే మూడే పెట్టండి. మొదటి విడతలో ఎంత ఎక్కువ పెడితే అంత మంచిది, రెండో విడతలో ఎంత తక్కువ పెడితే అంత క్షేమం. ఉన్న సీటుతో తృప్తిగా ఉంటే రెండోదాని జోలికే పోవద్దు.

ఇక పీఆర్వోలు, అంటే పిల్లల్ని చేర్పించడానికి కాలేజీలు తిప్పే మనుషులు. ర్యాంకులు వచ్చిన మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయి, కొందరు నేరుగా ఇంటికొస్తారు, మీ ఇంటర్ సారును వెంటబెట్టుకుని మరీ వస్తారు. "మీరేం కష్టపడొద్దు, ఆప్షన్లు మేమే పెడతాం, పాస్‌వర్డ్ చెప్పండి, ఒరిజినల్స్ ఇవ్వండి, బస్సు ఫీజు మాఫీ" అంటారు. మా స్నేహితుడొకడు అలా ఇచ్చాడు. లాగిన్ అయి చూస్తే లిస్టులో మూడే ఆప్షన్లు, మూడూ వాళ్ళ కాలేజీవే, బ్రాంచీలు మాత్రం వేరు. ఒరిజినల్స్ వెనక్కి అడిగితే ఇదిగో అదిగో అని నెల తిప్పారు. వాడికి తెలియనిది ఏమిటంటే, చేరిన విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ (కాలేజీల మీద ఉండే కేంద్ర సంస్థలు) నియమాలే ఉన్నాయి. చేరనివాడి దగ్గర తీసుకోవడానికి అసలు హక్కే లేదు. పాస్‌వర్డ్, ఓటీపీ, ఒరిజినల్స్, ఈ మూడూ ఎవరికీ ఇవ్వొద్దు, సారు అడిగినా సరే. "నాన్న బీరువాలో పెట్టి తాళం తీసుకెళ్ళాడు సార్" అని చెప్పండి, అంతకంటే ఏం అనక్కర్లేదు.

మేనేజ్‌మెంట్ కోటా గురించి రెండు మాటలు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్‌వి, 30 శాతం మేనేజ్‌మెంట్‌వి. మొదటి విడత కూడా కాకముందే "సీట్లు అయిపోతున్నాయి, ఈ రోజే అడ్వాన్సు కట్టండి" అంటే కంగారుపడొద్దు. కౌన్సెలింగ్‌లో అదే కాలేజీ వస్తే ఆ డబ్బు ఎందుకు పోగొట్టుకోవడం. చెన్నై, వెల్లూరు, అమరావతి వైపు ప్రైవేటు యూనివర్సిటీలకు కూడా ఇదే. మన రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీల్లో కొన్ని సీట్లు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లోనే ఉంటాయి, అవి లిస్టులో పెట్టుకోవచ్చని చాలామందికి తెలియదు. కట్టాల్సి వస్తే రిఫండ్ గడువు ఏ తేదీ దాకానో రాతలో తీసుకుని కట్టండి.

జేఈఈ మెయిన్ రాసినవాళ్ళకు జోసా కౌన్సెలింగ్ (ఎన్ఐటీల్లాంటి కేంద్ర సంస్థల సీట్లకు) వేరే నడుస్తుంది, రెండూ ఒకేసారి చేసుకోవచ్చు, ఒకదానికి ఇంకోటి అడ్డు కాదు. లిస్టు సూత్రం అక్కడా ఇదే. మన దగ్గరున్నవి చూస్తే, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం సీట్లు రాష్ట్రం వాళ్ళకు. శ్రీసిటీ ట్రిపుల్ఐటీ నెల్లూరు పిల్లలకు దగ్గరే అయినా అక్కడ రాష్ట్ర కోటా లేదు, దేశమంతా ఒకటే పోటీ. బీసీ వాళ్ళు జాగ్రత్తగా వినాల్సింది: మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు, కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో బాగా ఉన్నవాళ్ళు కాదని చెప్పే) సర్టిఫికెట్ కావాలి, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చింది. రాష్ట్రంలో బీసీలో ఉన్న ప్రతి కులమూ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండదు, మీది ఉందో లేదో చూసుకున్నాకే ఆ కాలమ్ నింపండి. అది లేక చివర్లో ఓపెన్ కేటగిరీకి మారినవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఇద్దరున్నారు.

ఇంట్లో పదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళకు వేరే దారి ఒకటి ఉంది. ఒంగోలు, నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం ట్రిపుల్ఐటీల్లో (ఇవి రాష్ట్రానివి, శ్రీసిటీది వేరు) పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్ళ కోర్సు, ప్రభుత్వ బడి పిల్లలకు కాస్త అదనపు మార్కులు కలుపుతారు. నాకైతే అప్పట్లో దాని గురించి ఎవరూ చెప్పలేదు.

మా పిన్ని కూతురికి చివరికి పదకొండో ఆప్షన్ వచ్చింది. పైన పది రాలేదు, రాలేదని ఎవరూ జరిమానా వేయలేదు. రెండో విడతలో నాలుగు పెట్టింది, ఏదీ కదల్లేదు, పదకొండో దాంట్లోనే చేరింది. సీటు వచ్చిన రోజు మెసేజ్ చూసుకుందామంటే ఫోన్ కనపడలేదు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చింది పిన్ని నంబరు, ఆ ఫోనేమో రీచార్జ్ అయిపోయి, చార్జింగ్ లేక, దేవుడి గూట్లో అగరబత్తి పెట్టె వెనకాల ఉంది. లాగిన్ ఐడీలు, ఓటీపీలు, మెసేజ్‌లు అన్నీ ఆ ఒక్క నంబరుకే వస్తాయి, కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆ సిమ్ ఎవరి ఫోన్‌లో ఉందో, రీచార్జ్ ఎప్పుడు అయిపోతుందో నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకోండి.